ఏడ్చిన బిడ్డ ఏ లెక్కల ఉన్నది?

మా చిన్నమ్మకు తొలిసూరు బిడ్డ పుట్టంగనే సన్నగ ఒక్కసారి ఏడ్చింది. పావుగంట గడవకముందే పానం పోయింది. దవాఖాన కాగితం మీద మాత్రం 'చనిపోయి పుట్టింది' అని రాసిర్రు. "నేను ఏడుపు ఇన్న బిడ్డా" అని చిన్నమ్మ ఇప్పటికీ అంటది. ఒక్క మాట తేడానే కదా అనిపిస్తది. కానీ దేశాల లెక్కలు తారుమారయ్యేది గా ఒక్క మాట కాడనే.

దేశాలను పోల్చనీకి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక గీత గీసింది. 28 వారాలు నిండినంక పానం లేకుండ పుడితే మృత శిశువు. పానంతోని పుట్టి 28 రోజుల లోపల పోతే నవజాత శిశు మరణం. అయితే ఎవరి ఇంట్ల కొలత వాళ్లకున్నది. అమెరికల 20 వారాల నుంచే లెక్కవెడ్తరు. బ్రిటన్ల 24. జపాన్ల 12 వారాల నుంచే నమోదు చెయ్యాలె. ఒకలు మానికతోని, ఒకలు సోలతోని కొలిచి, ఎవరి వడ్లు ఎక్కువ అని అడిగితే ఏం చెప్తం?

అట్లని అంతా కొలత తేడానే అనుకోవద్దు. 2010ల అమెరికల వెయ్యి మంది పుడితే ఏడాది లోపల 6.1 మంది పోయిర్రు. 24 వారాలు నిండకముందే పుట్టినోళ్లను పక్కకువెట్టి చూస్తే అది 4.2కు దిగింది. అదే తీరుగ చూస్తే ఫిన్లాండ్ల 2.1. అంటే కొలత సరిచేసినంక గూడ రెండింతలు తేడా మిగిలింది. గదీ అసలు తేడా.

ఇగ మన సంగతి. 2020 ఎస్ఆర్ఎస్ సర్వే ప్రకారం దేశంల వెయ్యికి 20 మంది నెల లోపల పోతున్నరు. మృత శిశువులు మాత్రం 3 అంట. ఐక్యరాజ్య సమితి అంచనా అయితే 12 దాక ఉన్నది. ప్రపంచం మొత్తంల ఏడాదికి మృత శిశువులు దగ్గరదగ్గర 19 లక్షలు, నవజాత మరణాలు 23 లక్షలు. రెండూ ఇంచుమించు పక్కపక్కనే నడుస్తయ్. మనకాడ మాత్రం 20కి 3 ఎట్లయితది? చానమంది బిడ్డలు ఏ లెక్కకూ ఎక్కుతలేరన్నట్టే. కడుపుల పోయిన బిడ్డ గురించి తల్లి బయట చెప్పుకోదు, ఇంట్లోళ్లు చెప్పనియ్యరు.

లెక్కకు ఎక్కకపోతే ఏమైతది? మృత శిశువులల్ల నూటికి 40 మందికి పైగ నొప్పులు మొదలైనంకనే పోతున్నరు. అంటే అప్పటిదాక గుండె కొట్టుకున్నది. గుండెచప్పుడు యాళ్లకు ఇంటే, అవసరమైతే ఆపరేషన్ చేస్తే చానమంది దక్కుతరు. ఊపిరి తీసుకోని బిడ్డకు మొదటి నిమిషంల సంచీ, మాస్కుతోని గాలి ఇయ్యాలె. 'చనిపోయే పుట్టింది' అని రాస్తే ఇయ్యన్నీ చేసిర్రా లేదా అని అడిగెటోడే ఉండడు.

చెయ్యలేనిదేం కాదు. అదే 2020 సర్వేల కేరళల నవజాత మరణాలు వెయ్యికి 4. 2030కల్లా రెండు లెక్కలూ పదిలోపు తెస్తమని 2014లనే కేంద్రం ప్రణాళిక రాసుకున్నది.

తమ్ముళ్లు, చెల్లెండ్లు, 1969 చట్టం ప్రకారం మృత శిశువును గూడ నమోదు చెయ్యాలె. మీ ఇంట్ల గిట్లాంటి కష్టమొస్తే కాగితం చదువుర్రి. ఎన్ని వారాలు, ఎంత బరువు, ఏడ్చిందా లేదా అడిగి రాయించుర్రి. మా చిన్నమ్మ బిడ్డ ఏడ్చింది. గా ఏడుపు ఏ లెక్కల లేదు.