మధూచ్ఛిష్టమంటే శాస్త్రం, డోక్రా అంటే బొమ్మా?

మన గోదావరి మండలంలోని పెద్దమనుషుల బల్లల మీద ఇటీవల ఒక అలంకారం వెలసింది. తీగలు చుట్టినట్లు కనబడే ఇత్తడి ఏనుగు, దాని పక్కన కలాలు నిలుపుకొనే గూడు, కాగితాలు ఎగిరిపోకుండా అదిమిపెట్టే తాబేలు. "ట్రైబల్ ఆర్టండీ" అని సగర్వంగా చూపిస్తారు. చేసిందెవరని అడిగితే, "ఎవరో అడవివాళ్లు" అంటారు. ఆ 'ఎవరో' అన్న మాటతోనే నాకు పేచీ.

వారు 'ఎవరో' కారు. ఒకనాటి ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలో, నేటి కొమరం భీం ఆసిఫాబాదు జిల్లా జైనూరు మండలంలోని ఉషేగాం వంటి పల్లెలలో తరతరాలుగా ఈ పని చేస్తున్న ఓజ కుటుంబాలవారు. గోండుల దేవతామూర్తులనూ గంటలనూ పోతపోసిన చేతులవి. 2018లో 'ఆదిలాబాదు డోక్రా'కు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

పాఠక మహాశయులు ఆ పని తీరును ఒకమారు చిత్తగించండి. ముందు మట్టితో లోపలి ఆకృతి చేస్తారు. దానిపై తేనెమైనాన్ని సన్నని తీగలుగా తీసి, వరుస తప్పకుండా చుడతారు. కన్నూ ముక్కూ నగా నట్రా అన్నీ మైనంతోనే. ఆపైన మెత్తని మట్టి పూత, దానిపై ముతక మట్టి పూత. ఆరిన మూసను కాలిస్తే మైనం కరిగి పోతుంది. అది ఖాళీ చేసిన చోటులోకి కరిగిన ఇత్తడి ప్రవహిస్తుంది. చల్లారాక మూసను పగలగొట్టాలి. అంటే ఒక మూసకు ఒకే ప్రతిమ. దాని వంటిది రెండవది లోకంలో ఉండదు.

ఈ విద్యకే సంస్కృతంలో మధూచ్ఛిష్ట విధానమని పేరు. మధువు తీయగా మిగిలినది మధూచ్ఛిష్టం, అనగా మైనం. పన్నెండవ శతాబ్దిలో చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు తన 'మానసోల్లాసం'లో దీనిని వివరించాడు. మొహెంజొదారోలో 1926లో దొరికిన నర్తకి ప్రతిమ ఈ పద్ధతిలోనిదే. చోళుల నటరాజులూ ఈ పద్ధతిలోనివే. శ్లోకంలో ఉంటే శాస్త్రమని చేతులు జోడిస్తాం. గుడిలో ఉంటే శిల్పమంటాం. ఓజ చేతిలో ఉంటే మాత్రం 'ఆటవికుల బొమ్మ' అంటాం! విద్య ఒక్కటే అయినప్పుడు మర్యాద మూడు విధాలుగా ఎందుకు మారవలె?

"ధర ఎక్కువండీ, మిషను మీద చేసినవి ఇందులో సగానికే వస్తాయి" అనేవారున్నారు. నిజమే, వస్తాయి. అచ్చుయంత్రం వేయి ప్రతులు తీస్తుంది కనుక కవి వ్రాతప్రతికి విలువ తగ్గుతుందా? పట్టుచీరకు బేరమాడని చేయి, వారాల శ్రమకు బేరమాడడం రసికత కాదు, లోభం. "మేము కొనబట్టే కదా వాళ్లకు బువ్వ" అనేవారు మరికొందరు. కొన్నవాడు దాత కాడు. వస్తువుకు వెల చెల్లించినవాడు మాత్రమే. ఇక భౌగోళిక గుర్తింపు పేరును కాపాడుతుంది గాని, కడుపును కాపాడదు. దానిని కాపాడవలసినది కొనేవాడి నీతి.

కళ బల్లకెక్కడం తప్పని నేననను. దేవుణ్ణి పోసిన చేయి కలాల గూటిని పోసినంత మాత్రాన మైలపడదు. చేసినవాని పేరు చెరిగిపోవడమే తప్పు.

రాజరాజనరేంద్రుని కోరుమిల్లి రాగిరేకుల చివర కావ్యకర్త చేతనభట్టు పేరుంది; ఆ పక్కనే లేఖకుడు గండాచార్యుని పేరూ ఉంది. వేయేండ్లనాడు మన సీమలో రాజశాసనమే లోహం మీద పనిచేసినవానికి కవి సరసన చోటిచ్చింది. ఆ రాజు ఏలిన రాజమహేంద్రవరంలోనే నేడు సన్మాన సంఘాలవారు జ్ఞాపికపై అధ్యక్షుని పేరు, కార్యదర్శి పేరు, దాత పేరు చెక్కిస్తారు. చేసినవాని పేరుకు మాత్రం జాగా ఉండదు.

ఉపాధ్యాయ శబ్దం ప్రాకృతంలో 'ఉవజ్ఝాయ' అయి, తెలుగులో 'ఒజ్జ' అయింది. ఓజ అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆ ఒజ్జయే స్ఫురిస్తాడు. బడిలో ముప్పైయేండ్లు ఒజ్జనని పిలిపించుకున్నవాణ్ణి గనుక సన్మాన సంఘాలవారిని ఇంతే అడుగుతున్నాను: ఈసారి జ్ఞాపిక కొనేటప్పుడు బేరమాడకండి, దాని అడుగున చేసినవారి పేరు, ఊరి పేరు వ్రాయించండి, వేదిక మీద ఆ పేరు చదవండి. ఆ కొండవాగుల నీరు కూడా కలిసి వచ్చే గోదావరినే మనం ధవళేశ్వరం వద్ద ఆపుకొని పంటలు పండించుకుంటున్నాం. ఆ కొండలవారి పేరు పలకడానికి మనకు నోరు రాకపోతే ఎట్లా?