ప్రశ్నల లెక్క సరే, ఓటు లెక్క ఏది?

చట్టసభ సభ్యుడి పనితీరుకు ఆధారాలు మూడు: అడిగిన ప్రశ్నలు, చేసిన ప్రసంగాలు, వేసిన ఓట్లు. మొదటి రెండింటికీ దేశంలో లెక్కలున్నాయి. ఏ ఎంపీ ఎన్ని ప్రశ్నలు వేశారో, ఎన్ని చర్చల్లో మాట్లాడారో, ఎన్ని రోజులు సభకు వచ్చారో ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. ఆ అంకెలతోనే పత్రికలు ర్యాంకులు వేస్తున్నాయి, సంస్థలు అవార్డులు ఇస్తున్నాయి, ఎన్నికలప్పుడు అభ్యర్థులు కరపత్రాలు పంచుతున్నారు. చట్టం పుట్టేది మాత్రం మూడో దానితోనే. ఆ ఓటుకే చాలా సందర్భాల్లో లెక్క లేదు. ఓటును వదిలేసి ప్రశ్నలూ ప్రసంగాలూ లెక్కపెట్టే ఏ మదింపైనా ఓటరును తప్పుదారి పట్టించేదే.

ఇందుకు తెలుగువారు దూరం వెళ్లి ఉదాహరణలు వెతకనక్కర్లేదు. 2014 జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరిస్తూ తీర్మానం చేసింది, మూజువాణి ఓటుతో. ఫిబ్రవరి 18న లోక్‌సభ ఆ బిల్లును ఆమోదించింది, మూజువాణి ఓటుతో. ఫిబ్రవరి 20న రాజ్యసభ కూడా అంతే. జూలై 11న లోక్‌సభ, 14న రాజ్యసభ పోలవరం ముంపు మండలాల సవరణ బిల్లును ఆమోదించాయి, మళ్లీ మూజువాణి ఓటుతోనే. కోట్లమంది తలరాతను మార్చిన నిర్ణయాలు ఐదు. తుది ఆమోదం దగ్గర నమోదైన పేర్లు సున్నా. విభజనపై పదేళ్లకు పైగా సాగుతున్న వాదోపవాదాల్లో ఎవరు ద్రోహి, ఎవరు త్యాగి అన్న మాటలు లెక్కలేనన్ని వినిపించాయి. ఈ సున్నా గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

ఆ సున్నా బరువు చండ్రుగొండ ప్రాంతానికి బాగా తెలియాలి. 2014 ఏప్రిల్ 30న జరిగిన ఎన్నికల్లో చండ్రుగొండ, ములకలపల్లి, దమ్మపేట, అశ్వారావుపేటలతో పాటు కుక్కునూరు, వేలేరుపాడు మండలాల ఓటర్లు ఒకే అశ్వారావుపేట నియోజకవర్గంలో ఓటు వేశారు. వారికి ఒకరే ఎమ్మెల్యే, ఖమ్మం నుంచి ఒకరే ఎంపీ. సరిగ్గా నెల తిరక్కముందే, మే 29న ఆర్డినెన్సు వచ్చింది. కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు, పట్టణం మినహా భద్రాచలం మండలం, బూర్గంపాడు మండలంలో కొంత భాగం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. జూలైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. ఆ విలీనం సబబా కాదా అన్నది వేరే చర్చ. తాము గెలిపించి పంపినవారు జూలై 11న తమ ఊళ్లను అటు పంపడానికి ఒప్పుకున్నారా, కాదన్నారా అన్నది కుక్కునూరు ఓటరు సభ రికార్డు చూసి తెలుసుకోలేరు. తెలంగాణ, ఒడిశా సభ్యుల నిరసనలు వార్తల్లోకి ఎక్కాయి. ఓట్లు రికార్డుల్లోకి ఎక్కలేదు. భద్రాచలం పట్టణం తెలంగాణలో, దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు ఆంధ్రప్రదేశ్‌లో మిగిలాయి. 2022 జూలైలో గోదావరి భద్రాచలం వద్ద 71.3 అడుగులకు చేరినప్పుడు ఆ ఐదు పంచాయతీలను తిరిగి ఇవ్వాలన్న డిమాండు మళ్లీ లేచింది. ఆ గీత గీసిన రోజున ఎవరు ఎటు నిలిచారో చెప్పే కాగితం మాత్రం లేదు.

పేర్లు ఎందుకు నమోదు కావన్నది నిబంధనల్లోనే ఉంది. సభలో నిర్ణయాలు హాజరై ఓటు వేసిన సభ్యుల మెజారిటీతో జరగాలని రాజ్యాంగం 100వ అధికరణ చెబుతుంది. ఎవరి ఓటు ఎటో రాసిపెట్టాలని చెప్పదు. ఆ సంగతిని లోక్‌సభ తన 367వ నిబంధనతో తేల్చుకుంది. సభాపతి ప్రతిపాదనను సభ ముందుంచుతారు. అనుకూలురు ‘అవును’ అని, వ్యతిరేకులు ‘కాదు’ అని కేక వేస్తారు. వినిపించిన గొంతులను బట్టి సభాపతి ఫలితం ప్రకటిస్తారు, ఇదే మూజువాణి ఓటు. దాన్ని ఎవరైనా సవాలు చేస్తే, లాబీలు ఖాళీ చేయించి, మళ్లీ అడిగి, అప్పటికీ సవాలు నిలిస్తే డివిజన్, అంటే పేర్ల వారీ ఓటింగు, జరగాలి. కానీ డివిజన్‌ను అనవసరంగా కోరుతున్నారని సభాపతి భావిస్తే, సభ్యులను ఉన్నచోటనే లేచి నిలబడమని చెప్పి, తలలు లెక్కించి ఫలితం ప్రకటించవచ్చు. అలాంటప్పుడు ఓటు వేసినవారి పేర్లు నమోదు చేయకూడదని ఆ నిబంధనే స్పష్టంగా అంటోంది. సభ్యుడి పేరు రికార్డుకు ఎక్కడం ఓటరు హక్కుగా కాక, సభాపతి విచక్షణగా మిగిలింది.

పేరు నమోదైనప్పుడు ఏం జరుగుతుందో కూడా తెలుగువారు చూశారు. ప్రత్యేక హోదా విషయంలో తెలుగుదేశం ఇచ్చిన అవిశ్వాస తీర్మానం 2018 జూలై 20న డివిజన్‌కు వచ్చింది. అనుకూలంగా 126, వ్యతిరేకంగా 325. రాజ్యాంగ సవరణకు ప్రత్యేక మెజారిటీ అవసరం కాబట్టి అక్కడ డివిజన్ తప్పనిసరి. అందుకే 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ల బిల్లుకు 454 మంది అవునన్నారని, కాదన్న ఇద్దరూ మజ్లిస్ సభ్యులేనని, వారిలో ఒకరు హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ అని దేశానికి తెలుసు. ఆయన కారణాలతో ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. ఎటు నిలిచారన్నదానిపై మాత్రం సందేహం లేదు, ఆయనా దాచుకోలేదు. దీనికి నెలకు పైగా ముందు, 2023 ఆగస్టు 10న ప్రతిపక్షాల అవిశ్వాస తీర్మానం మూజువాణి ఓటుతో వీగిపోయింది. 2018లో ప్రతి పేరూ రికార్డులో ఉంది, 2023లో ఒక్కటీ లేదు. తీర్మానం స్వభావం ఒకటే, సభ ఒకటే.

ఇక లెక్కలోకి వస్తున్న వాటి సంగతి. లోక్‌సభలో రోజుకు మౌఖికంగా జవాబివ్వాల్సిన నక్షత్ర గుర్తు ప్రశ్నలు 20, లిఖితపూర్వక జవాబుల ప్రశ్నలు 230. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, వచ్చిన నోటీసుల్లోంచి లాటరీ తీస్తారు. అందువల్ల జాబితాకెక్కిన ప్రశ్నల సంఖ్యలో శ్రమతో పాటు అదృష్టమూ ఉంది. ఒకే అంశంపై నోటీసులిచ్చిన పలువురి పేర్లను ఒకే ప్రశ్న కింద కలిపేస్తారు, అందరి ఖాతాలోనూ ఒక్కొక్కటి చేరుతుంది. మంత్రులు ప్రశ్నలు అడగరు, హాజరు పట్టీలో సంతకమూ చేయరు. వారికి ఈ కొలమానమే వర్తించదు. అన్నింటికీ మించి, డబ్బు తీసుకుని ప్రశ్నలు వేసినందుకు 2005 డిసెంబరు 23న 11 మంది ఎంపీలను ఉభయ సభలూ బహిష్కరించాయి. ప్రశ్నల సంఖ్య మీద మాత్రమే మార్కులు వేసే పద్ధతిలో వారికీ మంచి మార్కులే పడేవి.

ప్రశ్నకు విలువ లేదని దీని అర్థం కాదు. పోడు పట్టాల దరఖాస్తులు జిల్లాల వారీగా ఎన్ని తిరస్కరించారు, ఎందుకు అన్న ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు అడవి అంచున బతికే కుటుంబాలకు ఏళ్ల తరబడి ఆధారంగా ఉపయోగపడుతుంది. దేశంలో విమానాశ్రయాలెన్ని అన్న ప్రశ్నతో వారికి ఒరిగేదేమీ లేదు. లెక్కలో మాత్రం రెండూ సమానమే.

ప్రసంగాలదీ ఇదే తీరు. చర్చకు కేటాయించిన సమయాన్ని పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. పార్టీకి దక్కిన నిమిషాల్లో ఎవరు మాట్లాడాలన్నది నాయకత్వం తేలుస్తుంది. శూన్యగంటలో రెండు నిమిషాల ప్రస్తావనా, బిల్లుపై అరగంట విశ్లేషణా ఒకే గాటన ‘చర్చలు’ అనిపించుకుంటాయి. పైగా మాట్లాడే అవకాశమే కుదించుకుపోతోంది. పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ లెక్క ప్రకారం 17వ లోక్‌సభ ఐదేళ్లలో సమావేశమైనది 274 రోజులు. ఆ సభ ఆమోదించిన బిల్లుల్లో 35 శాతం గంట కూడా చర్చ లేకుండానే గట్టెక్కాయి. స్థాయీ సంఘాలకో, ఇతర కమిటీలకో వెళ్లినవి 16 శాతమే. చర్చ లేని చోట ప్రసంగాలను లెక్కించి సభ్యుడిని తూచడం కుదరదు. అక్కడ మిగిలే సాక్ష్యం ఓటొక్కటే, అదీ చాలాసార్లు మూజువాణిలో కలిసిపోతోంది.

అడవి చట్టం ఇందుకు నిదర్శనం. అటవీ సంరక్షణ సవరణ బిల్లును లోక్‌సభ 2023 జూలై 26న, మణిపూర్ నిరసనల గందరగోళం మధ్య, కొద్దిపాటి చర్చతో మూజువాణి ఓటుతో ఆమోదించింది. రాజ్యసభ ఆగస్టు 2న అదే దారి పట్టింది. ఏ అడవికి చట్టం వర్తిస్తుంది, దేనికి వర్తించదు అన్న నిర్వచనాన్నే అది మార్చింది. తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల్లో భద్రతా శిబిరాలకు, ప్రజోపయోగ పనులకు 5 హెక్టార్ల వరకు అటవీ భూమికి మినహాయింపు ఇచ్చింది. చండ్రుగొండ ఉన్న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అప్పట్లో ఆ ప్రభావిత జాబితాలో ఉంది. అంతకు ఎనిమిది నెలల ముందే, 2022 నవంబరు 22న, చండ్రుగొండ మండలం ఎర్రబోడు వద్ద అటవీ రేంజి అధికారి దాడిలో ప్రాణాలు కోల్పోయారు. పోడు భూమికీ అటవీ ప్లాంటేషన్‌కూ మధ్య గీత ఎక్కడన్నది ఈ ప్రాంతంలో మనుషుల ప్రాణాలతో ముడిపడిన సంగతి. ఆ గీతను తిరగరాసే చట్టానికి ఖమ్మం ఎంపీ ‘అవును’ అన్నారా, ‘కాదు’ అన్నారా? జిల్లాలో మరికొంత భాగానికి ప్రతినిధి అయిన మహబూబాబాద్ ఎంపీ మాటేమిటి? అధికారిక ఓటు పట్టికలో జవాబు లేదు, ఎందుకంటే పట్టికే లేదు. 2014లో ఐదు నిర్ణయాలు, పేర్లు సున్నా. 2023 అడవి చట్టానికీ ఉభయ సభల్లోనూ అదే సున్నా.

దీనికి రెండు అభ్యంతరాలు వినిపిస్తుంటాయి. 1985లో వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం పార్టీ విప్‌ను ధిక్కరించి ఓటేస్తే సభ్యత్వం పోతుంది, కాబట్టి ఓటు సభ్యుడిది కాదు, పార్టీది, దాన్ని నమోదు చేసి లాభమేమిటన్నది మొదటిది. విప్ ఉన్న మాట నిజమే. అయితే విప్‌కు తలొగ్గడం కూడా సభ్యుడు తీసుకున్న నిర్ణయమే. నియోజకవర్గం కంటే టికెట్ ముఖ్యమనుకున్నారా అన్నది ఓటరు తెలుసుకోవాల్సిన సంగతి. పైగా హాజరు కాకపోవడం, తటస్థంగా ఉండిపోవడం కూడా డివిజన్‌లోనే బయటపడతాయి. అశ్వారావుపేటలో 2014లోనూ 2018లోనూ గెలిచిన ఎమ్మెల్యేలిద్దరూ పదవీకాలం ముగియకుండానే అధికార పార్టీలో చేరారు. పార్టీ పేరే సభ్యుడి ఓటుకు చిరునామా అనుకుంటే, ఆ చిరునామా మధ్యలోనే మారిపోయింది. డివిజన్లతో సభ కాలం వృథా అవుతుందన్నది రెండో అభ్యంతరం. లోక్‌సభలో ఓటు నమోదు యంత్రాలు వచ్చింది 1957లో. కొత్త భవనంలో కూడా 2024 డిసెంబరు 17న జమిలి ఎన్నికల బిల్లు ప్రవేశపెట్టడంపై ఎలక్ట్రానిక్ పద్ధతిలో, చీటీలతో ఓట్లు తీసి 269 – 198 అని తేల్చారు. బిల్లును ప్రవేశపెట్టడానికే డివిజన్ సాధ్యమైనప్పుడు, చట్టం చేసే తుది ఘట్టంలో ఎందుకు సాధ్యం కాదు?

ఇతర దేశాలు ఈ ప్రశ్నను ఎప్పుడో దాటేశాయి. బ్రిటన్ కామన్స్ సభ ఎవరు ఎటు ఓటేశారన్న జాబితాలను 1836 నుంచి అధికారికంగా ప్రచురిస్తోంది. అమెరికా రాజ్యాంగం హాజరైన సభ్యుల్లో ఐదో వంతు మంది కోరితే పేర్ల వారీగా ఓటు నమోదు చేసి తీరాలంది. అక్కడ అది సభాపతి దయ కాదు, అల్పసంఖ్యాక సభ్యుల హక్కు. భారత్‌లో 2020 సెప్టెంబరు 20న వ్యవసాయ బిల్లులపై ప్రతిపక్షం డివిజన్ అడిగితే రాజ్యసభ మూజువాణితోనే ముగించింది. ఏడాది పాటు రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చుని వ్యతిరేకించిన చట్టాలకు పై సభలో బాధ్యుల పేర్లు లేవు.

శాసనసభల పరిస్థితి ఇంతకంటే అధ్వానం. ఎంపీ ప్రశ్నలైనా వెతికితే దొరుకుతాయి. బడ్జెట్ పద్దులు, భూచట్టాలు, పంచాయతీ చట్టాలు మూజువాణితో గడిచిపోయే రాష్ట్ర సభల్లో ఎమ్మెల్యే ఏ బిల్లుకు ఏమన్నారన్నది నియోజకవర్గంలో ఎవరికీ తెలియదు. అయినా పత్రికలు ఎమ్మెల్యేల ‘ప్రగతి నివేదికలు’ వేస్తూనే ఉన్నాయి. శంకుస్థాపనలు, పరామర్శలు, పెళ్లిళ్లకు హాజరు కావడాలు అందులో ఉంటాయి. వేతనం తీసుకుని చేయాల్సిన అసలు పని, చట్టం మీద ఓటు, అందులో ఉండదు.

చేయాల్సింది తేలికే. బిల్లు తుది ఆమోదానికి డివిజన్‌ను తప్పనిసరి చేయాలి. మిగతా తీర్మానాలపై హాజరైన వారిలో పదో వంతు సభ్యులు అడిగితే తిరస్కరించే అధికారం సభాపతికి ఉండకూడదు. 367వ నిబంధనలో పేర్లు నమోదు చేయకూడదన్న భాగాన్ని తొలగించాలి. పార్టీలు జారీచేసే విప్‌లను ఓటు జాబితా పక్కనే ప్రచురించాలి. రాష్ట్ర శాసనసభలు కూడా ఇదే పాటించాలి. ఇందుకు రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. 118వ అధికరణ కింద పార్లమెంటు ఉభయ సభలూ, 208వ అధికరణ కింద శాసనసభలూ తమ నిబంధనలను తామే మార్చుకోవచ్చు. ఆటంకం చట్టంలో లేదు, సభ్యుల ఇష్టంలో ఉంది. మూజువాణి అధికార పక్షానికి మెజారిటీ పరీక్ష నుంచి రక్షణ, ప్రతిపక్షానికి బయట ఒక మాట, లోపల ఒక మాట చెప్పే వెసులుబాటు. అందుకే దాన్ని మార్చాలని ఏ పక్షమూ పట్టుబట్టదు.

ఐదు నిర్ణయాలకు సున్నా పేర్లు మిగిల్చిన పద్ధతిని భరించినంత కాలం, ప్రశ్నల సంఖ్యతో ఇచ్చే ర్యాంకులూ అవార్డులూ ప్రజలకు జవాబుదారీతనం ఉందన్న భ్రమను అమ్ముతూనే ఉంటాయి. ఓటు నమోదును తప్పనిసరి చేయాలంటూ నిబంధన సవరణకు నోటీసు ఇచ్చారా లేదా అన్నదే తెలుగు రాష్ట్రాల ప్రతి ఎంపీకి, ప్రతి ఎమ్మెల్యేకు మొదటి పరీక్ష కావాలి. ఇవ్వనివారు తమ ఓటును తమను ఎన్నుకున్నవారి నుంచే దాస్తున్నారు. ప్రజల తరఫున వేసే ఓటును ప్రజలకే చూపించనివారికి ప్రజల ఓటు అడిగే అర్హత లేదు.