పొద్దు గుంకకముందే కూలి
రోజు కూలిని ఆ పొద్దు గుంకకముందే ఇచ్చేయాలని బైబిల్లోని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం ఆదేశిస్తుంది. కారణమూ అక్కడే ఉంది: కూలివాడు పేదవాడు, ఆ డబ్బు మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు. స్వజనుడైనా పరదేశి అయినా నియమం ఒకటే. ఇది దానం మాట కాదు, బాకీ మాట. ఈ తేడాను చాలా ఇళ్లు ఇంకా గుర్తించలేదు. నాట్లు వేసి బురద కాళ్లతో గట్టెక్కిన ఆడమనిషిని ‘రేపు రా’ అని పంపితే, ఆ రాత్రి ఆమె చేతికి బియ్యం డబ్బా అడుగే తగులుతుంది. పనిమనిషి జీతాన్ని పదో తేదీదాకా లాగే కుటుంబం చేసేదీ అదే, ఎంత క్రమంగా ప్రార్థన చేసుకున్నా. చేతిలో ఉండగా పొరుగువాణ్ణి రేపటికి తిప్పవద్దని సామెతల గ్రంథం 3వ అధ్యాయం చెబుతుంది. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలోనైతే, చేను కోసినవారికి ఇవ్వకుండా బిగబట్టిన కూలే మొరపెడుతుంది.