మాంసం సహజమే... మరి పొగ సంగతేంటి?

పెల్లెట్ గ్రిల్ మీద పొట్టేలు కీమాతో స్మోక్డ్ బర్గర్ ఎలా చేసుకోవాలో వీడియోలో చూపించాం. కొలతలు, టైములు కింద కూడా రాస్తున్నా. కానీ నేను ముఖ్యంగా మాట్లాడాలనుకుంటున్నది వంట గురించి కాదు, ఆ గ్రిల్‌లో మనం ఏం కాలుస్తున్నామన్న దాని గురించి.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. జీవాన్ని ఏడాది పాటు శ్రద్ధగా మేపి, చివరికి ఆ మాంసాన్ని దేనితో చేశారో తెలియని పెల్లెట్ల పొగలో వండితే మనం పడ్డ కష్టం అక్కడే పోయినట్టు. మేత గురించి ఎంత పట్టింపుగా అడుగుతామో, పెల్లెట్ గురించీ అంతే పట్టింపుగా అడగాలి. మన దగ్గర మాంసం కొనే కుటుంబాల్లో అమెరికాలో ఉండి వచ్చినవాళ్లు ఈ గ్రిల్స్ వాడుతున్నారు. "మీ మటన్ బాగుంది, పెల్లెట్లు ఎక్కడ కొనాలి?" అని వాళ్లు అడిగితే జవాబు చెప్పాల్సింది మనమే.

పెల్లెట్‌లో ఏముంటుంది?

ఈ గ్రిల్ అమెరికాలో పుట్టింది. అక్కడ చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంచడానికి రంపపు పొట్టు గుళికలు కాల్చే పొయ్యిలు ముందు వచ్చాయి. ఆరెగాన్ రాష్ట్రానికి చెందిన జో ట్రేగర్ ఆ పద్ధతినే వంటకు వాడి 1986లో పేటెంట్ పొందాడు. పనితీరు సులువే. పక్కనున్న డబ్బాలో పెల్లెట్లు పోస్తాం. మోటారుతో తిరిగే స్క్రూ వాటిని కొద్దికొద్దిగా చిన్న కుంపటిలోకి తోస్తుంది. ఫ్యాన్ గాలి ఊదుతుంది. మనం పెట్టిన వేడిని బట్టి పెల్లెట్లు ఎంత పడాలో మిషనే చూసుకుంటుంది. మంటకీ మాంసానికీ మధ్య రేకు ఉంటుంది కాబట్టి కొవ్వు మంటలో పడకుండా పక్కకు కారిపోతుంది.

పెల్లెట్ తయారీకి జిగురు అక్కర్లేదు. ఎండిన పొట్టును గట్టి ఒత్తిడితో చిన్న రంధ్రాల్లోంచి తోస్తే, ఆ వేడికి కట్టెలో సహజంగా ఉండే లిగ్నిన్ మెత్తబడి, చల్లారాక పొట్టునంతా పట్టి ఉంచుతుంది. అంటే మంచి పెల్లెట్‌లో కట్టె తప్ప ఇంకేమీ ఉండాల్సిన పని లేదు. చెడ్డ పెల్లెట్‌లో మాత్రం ఏదైనా ఉండొచ్చు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, అదీ చిక్కు. బస్తా మీద "సేంద్రియ ఎరువు" అని రాసి ఉన్నంత మాత్రాన మనం కొనేస్తామా? చేతిలోకి తీసుకుంటాం, వాసన చూస్తాం, ఎక్కడ తయారైందో అడుగుతాం. ఇక్కడా అదే పని చేయాలి.

మన దగ్గర ఇప్పుడు బయోమాస్ పెల్లెట్లు బాగానే దొరుకుతున్నాయి. అవి ఫ్యాక్టరీ బాయిలర్ల కోసం, బొగ్గుతో కలిపి కాల్చే థర్మల్ కేంద్రాల కోసం తయారైనవి. పంట వ్యర్థాలను పొలంలో తగలబెట్టడం కంటే అది మంచి పనే, నేను కాదనను. కానీ అవి వంటకు కాదు. పత్తి కట్టెతో చేసిన పెల్లెట్ అయితే ఆ చేనుకు ఎన్నిసార్లు మందు కొట్టారో మీకు నేను చెప్పక్కర్లేదు. వడ్రంగి షాపు పొట్టు అయితే అందులో ప్లైవుడ్ జిగురు, వార్నిష్, పెయింట్ కలిసి ఉండొచ్చు. జీడిపిక్కల తొక్కలో ఒంటికి తగిలితే బొబ్బలెక్కించే నూనె ఉంటుంది. ధర తక్కువ కదా అని ఇలాంటివి గ్రిల్‌లో పోయొద్దు. బయటి నుంచి వచ్చే వంట పెల్లెట్లలోనూ తేడాలున్నాయి. యాపిల్, చెర్రీ అని పేరు పెట్టినా చాలా వాటిలో ఎక్కువ భాగం ఓక్ లాంటి మామూలు కట్టె, కొంచెమే ఆ పేరున్న కట్టె ఉంటుంది. కొన్నింటికి వాసన నూనె కూడా కలుపుతారు.

మన చేలో ఉన్న కట్టె

అమెరికాలో టెక్సస్ వైపు మాంసానికి పొగ పెట్టే మెస్కీట్ చెట్టు, మన సర్కారు తుమ్మ ఒకే ప్రోసోపిస్ జాతివి. హవాయి దీవుల్లో కియావే అనే ఆ జాతి చెట్టుతోనూ, జామ కట్టెతోనూ మాంసానికి పొగ పెడతారు. సర్కారు తుమ్మ మన బీళ్లను ఆక్రమించిందని తిట్టుకుంటాం. ఆ కాయలు మన గొర్రెలే తింటాయి, పెంటికల్లో గింజలు తెచ్చి చేలల్లో వేస్తాయి. కొట్టేసిన కట్టెను బాగా ఎండబెడితే పొగకు పనికొస్తుంది. దీని పొగ ఘాటుగా ఉంటుంది కాబట్టి కొంచెమే వాడాలి. జామ పొగ మెత్తగా ఉంటుంది. మందు కొట్టని జామతోట ఉన్నవాళ్లు కొమ్మ కత్తిరింపులను దాచుకోండి.

ఒక జాగ్రత్త. ఈ పుల్లల్ని పెల్లెట్ డబ్బాలో వేయకండి, స్క్రూ ఇరుక్కుపోతుంది. చిన్న ఇనప డబ్బాలో పెట్టి గ్రిల్ లోపల కుంపటి పైన ఉంచాలి. పచ్చి కట్టె అయితే తెల్లని దట్టమైన పొగ వచ్చి మాంసం చేదెక్కుతుంది. పలచగా, నీలంగా వచ్చేదే మంచి పొగ. గన్నేరు విషం, దాన్ని దగ్గరికి కూడా రానీయొద్దు. నీలగిరి, పైన్ లాంటి నూనె, జిగురు ఉన్న కట్టెలూ వద్దు. వానాకాలం పెల్లెట్లకు చెమ్మ తగిలితే ఉబ్బి పొడి అయిపోతాయి కాబట్టి మూత బిగిసే డ్రమ్ములో పెట్టండి.

కీమా ఎలా ఉండాలి

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణ మొదటిది, సుమారు 190 లక్షలు. ఆంధ్రప్రదేశ్ రెండోది, సుమారు 176 లక్షలు. అయినా మన దగ్గర మటన్ అంటే కూర ముక్కలే. భుజం, మెడ, డొక్క భాగాలు కూరలో కలిసిపోతాయి. కీమాకు సరిగ్గా సరిపోయేవి అవే.

బయట తిరిగి మేసిన మన నెల్లూరు, దక్కనీ గొర్రెల మాంసంలో కొవ్వు తక్కువ. అదొక్కటే కీమా కొట్టిస్తే బర్గర్ ఎండిపోయి పొట్టులా రాలిపోతుంది. కిలోలో 800 గ్రాములు భుజం మాంసం, 200 గ్రాములు కొవ్వు ఉండాలి. గుండెకాయల దగ్గరి కొవ్వు అడిగితే కొట్టువాళ్లు ఇస్తారు. రెండూ బాగా చల్లగా ఉన్నప్పుడే కీమా చేయించండి.

కిలో కీమాకు దంచిన వెల్లుల్లి, మిరియాలు, వేయించిన జీలకర్ర, సన్నగా తరిగిన పుదీనా చాలు. ఎక్కువ పిసకొద్దు. ఆరు బిళ్లలు చేసి, ఒక్కోటి రెండు సెంటీమీటర్ల మందం ఉంచి, మధ్యలో బొటనవేలితో చిన్న గుంట నొక్కండి. లేకపోతే ఉడికేటప్పుడు మధ్యలో ఉబ్బుతుంది. అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఉప్పు గ్రిల్ మీద పెట్టే ముందు పైన చల్లండి. ముందే కలిపితే మాంసం బిగుసుకుని సాసేజ్‌లా సాగుతుంది.

గ్రిల్ 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెట్టి ముప్పావుగంట పొగ పట్టించండి. వేడి తక్కువ ఉన్నప్పుడే పొగ బాగా పడుతుంది. తర్వాత 200 డిగ్రీలు దాటించి రెండు వైపులా రంగు వచ్చేదాకా కాల్చండి. బిళ్ల మధ్యలో వేడి 71 డిగ్రీలు చేరాలి. దీంట్లో మొహమాటం లేదు. ముక్క మాంసంలో సూక్ష్మక్రిములు పైపైన ఉంటాయి, కీమా కొట్టేసరికి లోపలికీ కలిసిపోతాయి. రంగు చూసి నిర్ణయించొద్దు. పొగ పట్టిన మాంసం పూర్తిగా ఉడికినా గులాబీ రంగులోనే కనిపించొచ్చు. చిన్న థర్మామీటర్ తప్పనిసరి. మధ్యలో కరెంటు పోతే స్క్రూ, ఫ్యాన్ రెండూ ఆగిపోతాయి. అందుకని సగం ఉడికిన బిళ్లలను వెంటనే పెనం మీదకు మార్చి పూర్తి చేయండి.

బన్ను మీ ఇష్టం. మేమైతే జొన్న రొట్టె, ఉల్లిపాయ, పుదీనా పచ్చడితో తింటాం. పెల్లెట్ గ్రిల్ లేనివాళ్లు మూత ఉన్న బొగ్గుల గ్రిల్‌లో ఒక పక్క బొగ్గులు, రెండో పక్క మాంసం పెట్టి, బొగ్గుల మీద రెండు ఎండు జామ పుల్లలు వేస్తే చాలు. ఇందుకోసం పనిగట్టుకుని మిషన్ కొనమని నేను చెప్పను.

"పొగ మాంసమే ఆరోగ్యానికి మంచిది కాదు కదా?"

కొందరు మిత్రులు ఈ మాట అంటారు. అందులో నిజం ఉంది. పొగ పట్టించి, ఉప్పులో ఊరబెట్టి నిల్వ చేసే మాంసాలను 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో పెట్టింది. కొవ్వు మంటలో పడి లేచే పొగలో, మాడిన భాగాల్లో హానికర పదార్థాలు ఏర్పడతాయి. పెల్లెట్ గ్రిల్‌లో అడ్డురేకు ఉండటం వల్ల ఆ మోతాదు తగ్గుతుంది, పూర్తిగా పోదు. అందుకే ఇది పండక్కో, చుట్టాలొచ్చినప్పుడో చేసుకునే వంట. రోజూ తినే వంట కాదు. "సహజం" అన్న మాట తగిలించి దీన్ని ఆరోగ్య ఆహారంగా అమ్మితే అది మోసమే. ఆ మాట మీద నమ్మకమే మన వ్యాపారానికి పెట్టుబడి.

ఇంట్లో చేసుకోవడం వేరు, అమ్మడం వేరు. అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతి, శుభ్రమైన వధశాల, చల్లగా రవాణా చేసే ఏర్పాటు అన్నీ కావాలి. అవి లేకుండా మొదలుపెట్టొద్దు. ముందు ఇంట్లో చేసి చూడండి.

పెల్లెట్ అమ్మేవాళ్లను మూడే ప్రశ్నలు అడగండి. ఏ కట్టె? పొట్టు ఎక్కడి నుంచి తెచ్చారు? జిగురు గానీ వాసన నూనె గానీ కలిపారా? మన మేత గురించి కస్టమర్ అడిగితే మనం ఓపిగ్గా చెప్తాం కదా, వాళ్లూ చెప్పాలి. మూడింటికీ సరైన జవాబు రాకపోతే ఆ బస్తా అక్కడే వదిలేసి రండి.