కుళాయి ఇంకా రాలేదా... నీళ్లే లేవా?

రాత్రి పదింటికి ఫోన్. చండ్రుగొండ నుంచి మా పిన్ని కొడుకు.

“అక్కా, గంటయింది. ప్రోగ్రామ్ ఇంకా నడుస్తూనే ఉంది. ఇప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్‌కుయ్‌మంటోంది!”

అడవి అంచు ఊరు. ఒకప్పుడు ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. వాడక్కడ చిన్న కంప్యూటర్ సెంటర్ నడుపుతాడు. పరీక్ష ఫీజు కట్టిన పిల్లల జాబితాలో రెండుసార్లు పడిన పేర్లు తీసేసి, మిగిలినవి లెక్కపెట్టేందుకు లైనక్స్‌లో ఓ స్క్రిప్టు రాసుకున్నాడు. తెల్లారేసరికి లెక్క బడికి చేరాలి.

“తెర మీద ఏముందిరా?”

“ఏం లేదక్కా. గీత మెరుస్తోందంతే.”

“జాబితా ఫైలు దానికి అందించావా?”

కాసేపు నిశ్శబ్దం. “అయ్యో... మర్చిపోయా!”

కంట్రోల్ పట్టుకుని డి నొక్కమన్నాను. వెంటనే ‘సున్నా’ అని వచ్చింది. పేర్లన్నీ పోయాయేమోనని వాడికి చెమటలు! ఏమీ పోలేదు. ఫైలు భద్రంగానే ఉంది. స్క్రిప్టు దాన్ని అసలు చూడనే లేదు.

ఇంతకీ ఏం జరిగింది?

ఒక ప్రోగ్రామ్ ఇచ్చే సమాచారాన్ని గొట్టంలో నీళ్లలా ఇంకో ప్రోగ్రామ్‌లోకి పంపడాన్ని ‘పైప్’ అంటారు. తోటకు నీళ్లు పెట్టే గొట్టాల్లా ప్రోగ్రాములను కలపాలని అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెకిల్‌రాయ్ 1964లోనే రాశారు. 1973లో కెన్ థామ్సన్ దాన్ని యూనిక్స్‌లోకి తెచ్చారు. యూనిక్స్ బాటలో నడిచే లైనక్స్‌కూ అదే అలవాటైంది.

కుళాయి కింద బిందె పెట్టారనుకోండి. నీళ్లొస్తే పట్టుకుంటారు. ‘ఇవాళ్టికి ఇంతే’ అంటే లేచి వస్తారు. రెండూ కాకపోతే కూర్చోవాల్సిందే. స్క్రిప్టూ అంతే. పైపు తగిలించకపోతే కీబోర్డునే కుళాయి అనుకుంటుంది. మీరేమైనా టైపు చేస్తారని తెల్లవార్లూ ఎదురుచూస్తుంది. కంట్రోల్-డి అంటే ‘ఇక నీళ్లు రావు’ అని చెప్పడమన్నమాట.

దీనికి మందు ఒక్క లైను. ప్రతి ప్రోగ్రామ్‌కూ సమాచారం వచ్చే దారి నంబరు 0. స్క్రిప్టు మొదట్లోనే ‘టెస్ట్’ ఆదేశానికి ‘మైనస్ టి’, పక్కన సున్నా ఇస్తే, ఆ దారి కీబోర్డుకు తగిలి ఉందో లేదో చెప్పేస్తుంది. ఉంటే ‘ఫైలు ఇవ్వలేదు’ అని తెర మీద రాసి ఆగిపోమనండి. లేకపోతే పని మొదలుపెట్టమనండి.

పైపు తగిలించినా నీళ్లు ఆలస్యమైతే? బ్యాష్‌లో ‘రీడ్’ ఆదేశానికి ‘మైనస్ టి 5’ ఇస్తే అయిదు సెకన్లే చూస్తుంది. ఆలోగా మొదటి లైను వస్తే పారేయకుండా లెక్కలో కలుపుకోవాలి. 2009లో వచ్చిన బ్యాష్ 4 నుంచి 5 బదులు 0 కూడా ఇవ్వొచ్చు. అప్పుడది ఏమీ చదవదు, ఆగదు. కుళాయి వైపు ఓ చూపు చూసి వస్తుందంతే.

అయితే ఈ సున్నాతో జాగ్రత్త! అవతలి ప్రోగ్రామ్ ఇంకా నిద్ర లేవకముందే ఇది చూసి ‘ఏమీ లేదు’ అనేయొచ్చు. అందుకే గడువు దాటితే ‘సమాచారం రాలేదు’ అని ఆగిపోవాలి తప్ప, లెక్క సున్నా అని రాయకూడదు. కదలకుండా కూర్చున్న స్క్రిప్టు మన నిద్రే పాడుచేస్తుంది. తొందరపడి సున్నా వేసిన స్క్రిప్టు పిల్లల పేర్లు జాబితాలో లేకుండా చేస్తుంది.

మావాడు ఆ రాత్రే ఆ లైను చేర్చాడు. ఈసారి ఫైలు అందించి నడిపితే, యూపీఎస్ ఆగిపోయేలోపే లెక్క వచ్చేసింది. పొద్దున్నే మళ్లీ ఫోన్.

“అక్కా, రాకపోవడం వేరు, లేకపోవడం వేరు... అంతేగా?”

అంతే మరి. ఆ ముక్క వాడికి అర్థమైంది. ఇక స్క్రిప్టుకూ నేర్పగలడు.