తూకం అంటే ఎందుకంత భయం?

మన పిల్లలు అమెరికాలో ఏలేస్తున్నారని పాలకుల గొప్పలు! సరే, తూకం వేద్దాం. 15 ఏళ్ల పిల్లల చదువును దేశదేశాల్లో కొలిచే పీసా పరీక్ష 2009 విడతలో మన దేశం నుంచి తమిళనాడు, హిమాచల్‌ప్రదేశ్ కూర్చున్నాయి. 74 చోట్లలో 72, 73 స్థానాలు! లెక్కల్లో షాంఘైకి 600, తమిళనాడుకి 351. ఢిల్లీ ఏం చేసింది? 2012లో పరీక్షకే ఎగనామం పెట్టింది.

ఆ తూకంలో మనం లేనేలేం. ఉంటే? 2011 జనాభా లెక్కల ప్రకారం పాత 13 జిల్లాల్లో అక్షరాస్యతలో అట్టడుగున విజయనగరం, 58.89 శాతం. శ్రీకాకుళం 61.74. మన పిల్లలకు బుర్ర లేకనా? కాదు. అమ్మానాన్నలు వలసపోతే బడి మధ్యలో తెగుతోంది. సవర పిల్లలకు సవరలోనే చెప్పాలని నూరేళ్ల కిందటే సొంత డబ్బుతో బడులు నడిపాడు మన గిడుగు. పాలకులకు ఆపాటి బుద్ధి లేకపోయింది!

రాష్ట్రం వస్తే మార్కులొస్తాయా అంటారు. ఊరికే రావు. కానీ నిలదీసే గడప దగ్గరవుతుంది. నిన్న హైదరాబాద్, నేడు అమరావతి... ఎన్నాళ్లీ దేబిరింపు? విద్యార్థులారా, ఉద్యోగులారా! మేం అడిగేది ఒక్కటే: మన బడి మన చేతికి రావాలి. అందుకే మన రాష్ట్రం మనకు కావాలి!