సొట్ట ఒక మూల, లోపం మరో మూల

“ఇది వారంటీ కిందికి రాదమ్మా. సీఐడీ.”

గుంటూరులోని ఒక సర్వీసు సెంటరులో, కౌంటరు వెనుక కూర్చున్న యువకుడు ఈ మాట అన్నప్పుడు నాకు నిజంగానే పోలీసు శాఖ గుర్తుకొచ్చింది. పక్కనున్న మా పెద్దమ్మాయి, “కస్టమర్ ఇండ్యూస్డ్ డ్యామేజ్ అమ్మీ. అంటే మనమే పాడుచేశామని” అని చెవిలో చెప్పింది. చెప్పిన తరువాత గాని దానికి అర్థం బోధపడలేదు కాబోలు, ముఖం చిన్నబుచ్చుకుంది. బాగుచేయడానికి అయ్యే ఖర్చు 31,500 రూపాయలని ఆ యువకుడు తెరపై చూపించాడు. ఆ లాప్‌టాప్‌ను మేము కొన్నది 54,000కు. అదీ వారంటీ ముగియడానికి ఇంకా రెండు నెలలు ఉండగానే.

ప్రియ సోదరీ సోదరులారా! ఈ శీర్షికలో ఇంటి ఖర్చుల గురించి, పిల్లల చదువుల గురించి తరచుగా ముచ్చటించుకుంటూ ఉంటాం. ఈ నెల ఆ రెండింటికీ సంబంధించిన ఈ లాప్‌టాప్ ఉదంతం చెబుతాను. బీటెక్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడిది బియ్యం, నూనెల వంటి అవసర వస్తువే. పైగా చాలా ఇళ్లలో నగానట్రా తరువాత కొనే అత్యంత ఖరీదైన వస్తువు కూడా.

నిరుడు జూన్‌లో కొన్నాం. అక్టోబరులో ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. గుంటూరు తీసుకువెళ్తే అడాప్టరు మార్చి ఇచ్చారు. జనవరిలో మళ్లీ అదే జబ్బు. ఈసారి మదర్‌బోర్డు మార్చారు. ఏప్రిల్‌లో మూడోసారీ అదే. అప్పుడు తెరిచి చూసిన టెక్నీషియన్ కుడివైపు ముందు మూలన ఉన్న ఒక సొట్టను ఫొటో తీసి పైకి పంపించాడట. “కింద పడింది కనుక కంపెనీ ఒప్పుకోవడం లేదు” అన్నారు. ఛార్జింగ్ పెట్టే రంధ్రం ఎడమవైపు వెనుక భాగాన ఉంది. సొట్ట ఒక మూల, లోపం దానికి ఎదురు మూల. ఆ రెండింటికీ సంబంధం ఏమిటని మా అమ్మాయి అడిగింది. “సిస్టమ్‌లో అలా వచ్చింది మేడమ్” అన్నది జవాబు.

ఆ మాటతో వాదించడానికి వీలుండదు. దుకాణానికి వెళితే “మాది అమ్మడం వరకే, తరువాత అంతా కంపెనీదే” అంటారు. కంపెనీకి ఫోన్ చేస్తే సర్వీసు సెంటరు నివేదికే తమకు ప్రమాణమంటారు. సర్వీసు సెంటరువారు నిర్ణయం పైనుండి వచ్చిందంటారు. ఈ మూడు గుమ్మాల మధ్య తిరిగి తిరిగి అలసిపోయి, చాలామంది ఆ 31,500 కట్టేస్తారు. లేదా ఆ యంత్రాన్ని అటకెక్కించి, అప్పుచేసి మరొకటి కొంటారు. ‘సబ్ర్ చేద్దాం’ అని మనలో మనం చెప్పుకుంటాం. హక్కును అడగడం మానేసి ఊరుకోవడాన్ని సబ్ర్ అనవచ్చునా అని నాకు సందేహం. దానికి అలసట అన్నదే సరైన పేరనుకుంటాను.

ఆ రోజు మేము చేసిన మంచి పని ఒక్కటే. “రాదు అన్న మాట కాగితం మీద రాసి ఇవ్వండి” అని అడిగాం. మొదట కుదరదన్నారు. అరగంట కుర్చీలో కూర్చున్నాక, జాబ్ షీటు మీదే ‘భౌతిక నష్టం, వారంటీ నిరాకరణ’ అని ఇంగ్లీషులో రాసి ముద్ర వేసి ఇచ్చారు. నోటిమాటకు తేదీ ఉండదు, సంతకం ఉండదు. మరుసటి రోజు కౌంటరులో మనిషి మారితే ఆ మాటే ఉండదు.

ఇంటికి వచ్చి పాత జాబ్ షీట్లు రెండూ బయటికి తీశాం. జనవరి నాటి కాగితంలో ‘వస్తువు స్థితి’ అన్న గడి ఉంది. అందులో ‘గీతలు లేవు, సొట్టలు లేవు’ అని రాసి ఉంది. మా మరిది దానిని చూడగానే ఎగిరి గంతేశారు. “వదినా, ఇంకేం కావాలి? జనవరిలో వాళ్ల చేతికి ఇచ్చినప్పుడు సొట్ట లేదు. అంటే వాళ్ల దగ్గరే పడిందని రాసిపారేయండి. కాదని వాళ్లు రుజువు చేసుకోలేరు” అన్నారు. న్యాయవాదుల వద్ద గుమాస్తాగా పనిచేసిన మనిషి. ఆయన లెక్కలో తప్పులేదు.

మేము ఆ రాత్రే ఉత్తరం రాయడానికి కూర్చున్నాం. రెండు వాక్యాలు అయ్యాయో లేదో, తొమ్మిదో తరగతి చదివే మా చిన్నవాడు గుమ్మం దగ్గర నిలబడి, “అమ్మీ, అది నా చేతిలోనుంచి పడింది” అన్నాడు. ఫిబ్రవరి నెలాఖరున అక్కను బస్టాండు నుండి తీసుకువస్తూ, బ్యాగు వాడు మోశాడట. మెట్ల మీద జారిందట. తెరిచి చూస్తే మామూలుగానే పనిచేసిందని ఇద్దరూ ఊరుకున్నారట. అమ్మాయి తలవంచుకుంది. దానికీ తెలుసునన్నమాట.

మరిది కాసేపు మౌనంగా ఉండి, “ఇప్పుడు ఇది మనమే చెప్పుకోవాలా?” అన్నారు. మావారు తేల్చుకోలేక నా వైపు చూశారు. నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు. 31,500 రూపాయలు మా ఇంట్లో చిన్న మొత్తం కాదు. అంత పెద్ద కంపెనీ ఎడమవైపు లోపాన్ని కుడివైపు సొట్ట మీద తోసివేస్తుంటే, మనం ఒక చిన్నమాట దాచితే ఏమవుతుందనిపించింది.

ఫిఖ్ హ్ గ్రంథాలలో వ్యాపార అధ్యాయాలు చదివినవారికి ‘ఖియారుల్ ఐబ్’ అనే మాట పరిచితమే. అమ్మకానికి ముందే వస్తువులో దాగి ఉన్న లోపం తరువాత బయటపడితే, దానిని తిరిగి ఇచ్చివేసే స్వేచ్ఛ కొన్నవారికి ఉంటుంది. తడిసిన ధాన్యాన్ని రాశి అడుగున ఉంచిన వ్యాపారిని దైవప్రవక్త (స) నిలదీసిన ఉదంతాన్ని మనం పిల్లలకు చెబుతూనే ఉంటాం. ఇన్నేళ్లుగా ఆ ఉదంతం చెప్పేటప్పుడు నేను ఎప్పుడూ కొనేవారి పక్షానే నిలబడి చెప్పాను. ఆ రాత్రి మాత్రం ధాన్యపు రాశి మా ముంగిట్లోనే ఉన్నట్లు అనిపించింది. పైగా చూస్తున్నది చిన్నవాడు. నిజం చెప్పినందుకు వాడికి ఏం దొరుకుతుందో ఆ గదిలో తేలవలసి ఉంది.

ఉత్తరం చించి మళ్లీ రాశాం. ‘ఫిబ్రవరి చివరలో లాప్‌టాప్ మా చేతిలోనుండి జారిపడి కుడివైపు మూల సొట్టపోయిన మాట వాస్తవం. ఆ మూలకు అయ్యే ఖర్చు మేము భరిస్తాం. అయితే ఛార్జింగ్ లోపం అక్టోబరులోను, జనవరిలోను, అంటే పడకముందే రెండుసార్లు వచ్చింది. దానికి మీరిచ్చిన రెండు జాబ్ షీట్లు జతచేస్తున్నాం. అదే లోపం మూడోసారి వచ్చినందున బోర్డును వారంటీ కింద సరిచేయవలసింది’ అని రాశాం. పడిందని ఒప్పుకోవడం వల్ల మా వాదన బలహీనపడుతుందని భయపడ్డాం. జరిగింది వేరు. సొట్టకు తేదీ దొరికింది. లోపం ఆ తేదీకి ముందుదని తేలిపోయింది. రెండు సంగతులూ విడివిడిగా కనబడసాగాయి.

ఆ ఉత్తరాన్ని కంపెనీ ఫిర్యాదుల విభాగానికి ఈమెయిల్‌లోను, దుకాణానికి రిజిస్టర్డ్ పోస్టులోను పంపించాం. మరుసటి రోజు 1915కు ఫోన్ చేశాం. ఇది కేంద్ర ప్రభుత్వపు జాతీయ వినియోగదారుల సహాయవాణి. తెలుగులో కూడా మాట్లాడవచ్చు. ఫిర్యాదు నమోదు చేసుకొని ఒక సంఖ్య ఇస్తారు, దానిని కంపెనీకి పంపుతారు. సహాయవాణికి ఎవరినీ ఆదేశించే అధికారం లేదు. ఇది న్యాయస్థానం కాదు. కాని పెద్ద కంపెనీలలో అక్కడినుండి వచ్చిన ఫిర్యాదులను చూసే మనుషులు వేరే ఉంటారు. కౌంటరు దాటి మన మాట మరొకరి బల్ల మీదికి చేరుతుంది.

అదీ ఫలించకపోతే ఏమిటి? 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చింది. పాత 1986 చట్టం కంటే ఇందులో మనవంటి కుటుంబాలకు ఒక పెద్ద వెసులుబాటు ఉంది. కంపెనీ కార్యాలయం బెంగుళూరులో ఉన్నా, ముంబయిలో ఉన్నా, మనం నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు, మన మాట మనమే చెప్పుకోవచ్చు. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటినుండి 2 సంవత్సరాల లోపు వేయాలి. దుకాణాన్ని, కంపెనీని, సర్వీసు సెంటరును ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చడం మేలు. అప్పుడే ఒకరినొకరు చూపించే ఆట ఆగుతుంది. ప్రయోగశాలలో పరీక్ష అవసరం లేని ఫిర్యాదును 3 నెలల్లో, పరీక్ష అవసరమైతే 5 నెలల్లో తేల్చాలని చట్టం అంటున్నది. ఆచరణలో వాయిదాలు పడతాయి. ఆ సంగతి దాచి ఆశపెట్టడం నాకు ఇష్టం లేదు. వస్తువు ధరతో పాటు మనం పడిన వేదనకు, నష్టానికి కూడా పరిహారం కోరవచ్చు.

అక్కడ మన చేతిలో ఉండవలసినది కాగితం. తయారీలోనే లోపం ఉందని నిరూపించడం సామాన్యులకు కష్టం. నిపుణుల నివేదిక అడుగుతారు. అయితే ఒకే లోపానికి రెండు మూడుసార్లు ఇచ్చిన జాబ్ షీట్లు ఉంటే, వాటి తేదీలే చాలావరకు మన తరఫున మాట్లాడతాయి. అందుకే సర్వీసుకు ఇచ్చేటప్పుడు ‘చెక్ చేయాలి’ అని వారు రాసుకుంటుంటే ఒప్పుకోకండి. ‘ఛార్జింగ్ కావడం లేదు, రెండోసారి’ అని స్పష్టంగా రాయించండి. తిరిగి తీసుకునేటప్పుడు ఏ భాగం మార్చారో కూడా రాయించండి. పనిచేస్తున్నది కదా అన్న సంతోషంలో ఆ చివరి కాగితాన్ని మనం అక్కడే వదిలేసి వస్తాం.

దుకాణంవారు ఇచ్చే బిల్లు సంగతి మరొకటి. నున్నని కాగితం మీద యంత్రం అచ్చువేసే ఆ రసీదులు వేడికి ఏడాది తిరగకముందే తెల్లబడతాయి. మా బీరువాలో అటువంటి తెల్లకాగితాలు మూడు ఉన్నాయి, ఏవి దేనివో దైవానికే ఎరుక. కొన్ననాడే జిరాక్సు తీయించండి. ఫోనులో ఫొటో కూడా ఉంచండి. ఆ బిల్లుతో ఇంకో పని ఉంది. కొన్ని కంపెనీల వెబ్‌సైట్లో సీరియల్ సంఖ్య కొట్టి చూస్తే, వారంటీ మనం కొన్న తేదీ కంటే ముందే మొదలైనట్లు కనిపిస్తుంది. వస్తువు కర్మాగారం నుండి బయలుదేరిన తేదీని వారు లెక్కవేస్తారు. బిల్లు పంపితే సరిచేస్తారు, పంపకపోతే ఆ నెలలు పోయినట్లే. మూడేళ్ల వారంటీ అని పెట్టె మీద ఉన్నా, బ్యాటరీకి ఒక్క ఏడాదే ఉండడం కూడా సర్వసాధారణం.

ఆన్‌లైన్‌లో కొన్నవారికి ఒక మాట. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అటువంటి సంస్థలు ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు తమ వెబ్‌సైట్లో ప్రకటించాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. యాప్‌లో మాట్లాడే మరమనిషితో గంటలు గడపడం కంటే ఆ అధికారికి నేరుగా రాయడం నయం.

ఇక మా సంగతి. సహాయవాణిలో నమోదైన పదకొండో రోజున కంపెనీనుండి ఒక మహిళ ఫోన్ చేసింది. ఉత్తరం చదివినట్లే మాట్లాడింది. పడిన తేదీ గురించి రెండుసార్లు అడిగింది, మేము రెండుసార్లూ ఒకటే చెప్పాం. బోర్డు, ఛార్జింగ్ భాగం వారంటీ కింద ఉచితంగా మారుస్తామని, మూల కవరుకు మాత్రం 2,800 చెల్లించాలని అన్నది. చెల్లించాం. మొదటి రోజునుండి లెక్కిస్తే 26 రోజులు పట్టింది. ఆ 26 రోజులు మా అమ్మాయి కళాశాల ల్యాబులో సాయంత్రం ఆరు వరకు కూర్చొని, తరువాత స్నేహితురాలి లాప్‌టాప్ మీద, ఆమె నిద్రపోయాక ప్రాజెక్టు పూర్తిచేసింది. అదృష్టవశాత్తు ఫైళ్లు ముందే పెన్‌డ్రైవులో దాచుకుంది. డేటాకు తమ బాధ్యత లేదని జాబ్ షీటు వెనుక చిన్న అక్షరాలలో ఉంటుంది. ఆ షరతును ఇప్పటివరకు చదివినవారిని నేను చూడలేదు.

మరిది మాత్రం ఇప్పటికీ, “నా మాట వింటే ఆ 2,800 కూడా మిగిలేవి వదినా” అంటూనే ఉన్నారు. మిగిలేవేమో.

చిన్నవాడు తన ఈదీ డబ్బులోనుండి 500 తెచ్చి వాళ్ల అబ్బా ముందు పెట్టాడు. ఆయన 200 తీసుకొని మిగిలింది తిరిగి ఇచ్చారు. మొత్తం తిరిగి ఇచ్చివేయమని నేను అనబోతే, అత్తమ్మ నా చేయి పట్టుకొని ఆపారు. జూన్‌తో వారంటీ ముగిసింది. లాప్‌టాప్ పనిచేస్తున్నది. కుడివైపు మూలన వేసిన కొత్త కవరు మాత్రం పాత రంగుతో కలవక, కొంచెం ముదురుగా కనిపిస్తూ ఉంటుంది.